కుడి వెనక చక్రం దగ్గర ఆగాల్సింది

2024 ఆగస్టు 11 రాత్రి, వర్జీనియాలోని రిచ్‌మండ్. నాస్కార్ అంటే అమెరికాలో స్టాక్ కార్ రేసులు, అంటే మామూలు కార్ల ఆకారంలో ఉండే కార్ల రేసులు, నడిపే సంస్థ. ఆ రాత్రి దాని 400 లాపుల (చుట్ల) రేసులో ఇంకా రెండు లాపులే మిగిలాయి. ఆస్టిన్ డిల్లన్ అందరికన్నా ముందున్నాడు, అతనికీ వెనకవాడికీ రెండు సెకన్లకు పైనే తేడా. ముప్పావు మైలు ట్రాక్ మీద అంత తేడా ఉంటే గెలిచినట్టే లెక్క. సరిగ్గా అప్పుడే వెనకెక్కడో రికీ స్టెన్‌హౌస్, రయాన్ ప్రీస్ కార్లు దెబ్బతిన్నాయి. పసుపు జెండా ఎగిరింది, అంటే అందరూ వేగం తగ్గించి ఒకరి వెనక ఒకరు దగ్గరగా చేరాలి. డిల్లన్ కూడబెట్టుకున్న ఆ రెండు సెకన్లూ గాల్లో కలిసిపోయాయి.

పసుపు జెండా కింద రేసు ముగిసిపోవడం నాస్కార్‌కి ఇష్టం ఉండదు. కార్లన్నిటినీ మళ్లీ జంటలుగా నిలబెట్టి రెండు లాపుల ఓవర్‌టైమ్ పెడతారు. ఆ రీస్టార్ట్‌లో జోయీ లొగానో ముందుకెళ్లిపోయాడు. చివరి లాపు, మూడో మలుపు. డిల్లన్ వేగం తగ్గించకుండా వెళ్లి లొగానోని వెనకనుంచి గుద్దాడు, లొగానో కారు గిర్రున తిరిగిపోయింది. ఆ సందులో లోపలి వైపునుంచి డెనీ హామ్లిన్ దూసుకొచ్చాడు. డిల్లన్ కారు ముక్కు ఎడమకి వచ్చి హామ్లిన్ కారుకి కుడి వెనక చక్రం దగ్గర తగిలింది. హామ్లిన్ వెళ్లి బయటి గోడకి కొట్టుకున్నాడు. డిల్లన్ ముందుగా గీత దాటాడు. దెబ్బతిన్న హామ్లిన్ కారు రెండో స్థానంలో దాటింది.

ఆ క్షణంలో డిల్లన్ రేడియోలో అతని స్పాటర్ (పైనుంచి ట్రాక్ చూస్తూ డ్రైవర్‌కి దారి చెప్పే మనిషి) గొంతు వినిపించింది. వాణ్ణి గుద్దేయ్ అని.

ఈ ఫినిష్‌ని ఇప్పటికీ చాలామంది షార్ట్ ట్రాక్ చరిత్రలో గొప్ప ఫినిషుల్లో ఒకటిగా చెప్పుకుంటారు. నా ఆఫీసులో కూడా అలా అనేవాళ్లున్నారు. షార్ట్ ట్రాక్ అంటే ఇంతే, గుద్దుకోవడం ఇష్టం లేకపోతే గోల్ఫ్ చూసుకో అంటారు. నేను ఒప్పుకోను. షార్ట్ ట్రాక్‌ని ప్రాణంగా ప్రేమించేవాణ్ణి కాబట్టే ఒప్పుకోను. ఆ రాత్రి జరిగింది ఈ ఆట సంప్రదాయం కాదు, ఆ సంప్రదాయం పెట్టుకున్న హద్దుని దాటడం. నాస్కార్ వేసిన శిక్ష కూడా సగంలో ఆగిపోయింది. నా వాదన ఇదే. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు ఈ ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం. నేను ఉండేది నార్త్ కరోలినాలో, షార్లెట్ దగ్గర. ఇక్కడ బ్యాంకుల్లో, ఐటీలో పనిచేసే తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. కాంకర్డ్ మిల్స్ మాల్‌కి షాపింగ్‌కి వెళ్లిన ప్రతివాళ్లూ పక్కనే ఉన్న షార్లెట్ మోటార్ స్పీడ్‌వే స్టాండ్స్ చూసే ఉంటారు. లోపలికి వెళ్లినవాళ్లు మాత్రం తక్కువ. గంటల తరబడి ఎడమకి తిరగడమే కదా, అందులో చూడ్డానికి ఏముంది అని అడుగుతారు. స్టాక్ కార్ రేసింగ్‌లో చాలా ట్రాకులు గుండ్రంగానో కోలగానో ఉంటాయి, ఎడమకే తిరుగుతారు, నిజమే. కానీ చుట్టుకొలత మైలు లోపు ఉంటే దాన్ని షార్ట్ ట్రాక్ అంటారు, అక్కడ ఆట వేరు. మార్టిన్స్‌విల్ 0.526 మైళ్లు, బ్రిస్టల్ 0.533, రిచ్‌మండ్ 0.75. అంత చిన్న చుట్టులో ముప్పై ఆరు, ముప్పై ఏడు కార్లు తిరుగుతుంటే ఎవరికీ ఖాళీ దొరకదు. కారు బరువు దాదాపు టన్నున్నర. ఫార్ములా వన్ కారుకి ముందు రెక్క కొంచెం తగిలినా రేసు పోయినట్టే. ఈ కార్లకి తలుపు మీద టైరు గుర్తులు పడ్డా, బంపర్ సొట్టపోయినా పరుగు ఆగదు. అందుకే ఇక్కడ బంపర్ కూడా పనిముట్టే.

ఆ పనిముట్టుని ఎలా వాడతారో దగ్గరగా చూడాలంటే పెద్ద రేసులకన్నా చిన్న ఊళ్ల ట్రాకులే మంచివి. విన్‌స్టన్-సేలంలో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ వేసిన పావు మైలు తారు ట్రాక్. 1949 నుంచి అక్కడ నాస్కార్ రేసులు నడుస్తున్నాయి. వేసవిలో శనివారం రాత్రి అయితే జనం కిటకిటలాడతారు. ఒకసారి రేసు అయ్యాక పిట్‌లోకి, అంటే కార్లు ఆపుకునే చోటికి, వెళ్లి ఒక కారు చుట్టూ తిరిగి చూశాను. ఎడమ తలుపు మీద పక్క కారు టైరు రాసుకుని పడిన నల్లటి గుండ్రటి మచ్చలు, ఒకదాని మీద ఒకటి. వెనక బంపర్ మధ్యలో లోపలికి నొక్కుకుపోయి ఉంది, ఆ నొక్కు చుట్టూ పెయింట్ పొలుసులు లేచాయి. కుడి వెనక మూల మాత్రం కొత్త కారుకి ఉన్నట్టే శుభ్రంగా ఉంది. కారు నడిపినాయన వారమంతా గ్యారేజీలో పనిచేసుకునే మనిషి. నా చూపు ఎక్కడుందో గమనించి, నా వెనక వచ్చినవాడు మంచివాడు అన్నాడు. బంపర్ అంత నొక్కిన మనిషి మంచివాడేంటో నాకు అప్పుడు వెంటనే తట్టలేదు.

దాని వెనకున్న లెక్క ఇది. కారు ఎడమ మలుపులో ఉన్నప్పుడు వెనకనుంచి మధ్యలో, తిన్నగా తోస్తే దాని వెనక టైర్ల పట్టు క్షణం పాటు సడలుతుంది. కారు మలుపులో కొంచెం పైకి, బయటి వైపుకి జారుతుంది. లోపలి దారి ఖాళీ అవుతుంది, వెనకవాడు ఆ దారిలో దూరిపోతాడు. జారిన డ్రైవర్ స్టీరింగ్ సర్దుకుంటే కారు నిలబడుతుంది, ఒకటో రెండో స్థానాలు పోతాయి, అంతే. దీన్నే బంప్ అండ్ రన్ అంటారు. ఎడమ వెనక మూల మీద గట్టిగా కొడితే కారు ముక్కు లోపలికి తిరిగి గడ్డి వైపు గిరగిరా తిరుగుతుంది. అది మొరటు పని, కానీ ఎక్కువసార్లు డ్రైవర్ క్షేమంగానే బయటపడతాడు. కుడి వెనక మూల మీద కొడితే సంగతి పూర్తిగా వేరు. వెనక భాగం ఎడమకి నెట్టుకుపోతుంది, ముక్కు కుడికి తిరుగుతుంది. కుడి వైపు ఉన్నది గోడ. ఇంకా వేగం తగ్గని కారు ఆ గోడకి ముఖం పెట్టి వెళ్తుంది. డ్రైవర్ చేతిలో చేయడానికి ఏమీ మిగలదు.

గ్యారేజీ మనిషి అన్న మాట అర్థం ఇదే. బంపర్ మధ్యలో నొక్కినవాడు ఎదుటివాడికి కారుని కాపాడుకునే అవకాశం వదిలాడు. షార్ట్ ట్రాక్‌లో రాసిపెట్టని హద్దు అక్కడుంది. తోయొచ్చు, దారి తెరుచుకోవచ్చు, అవతలివాడి చేతిలోంచి స్టీరింగ్ లాగేసుకోకూడదు.

ఈ హద్దు లోపలే ఎంత గొప్ప ఫినిష్ సాధ్యమో అదే రిచ్‌మండ్‌లో 2016 ఏప్రిల్‌లో చూశాం. చివరి లాపు చివరి మలుపులో కార్ల్ ఎడ్వర్డ్స్ ముందున్న కైల్ బుష్ బంపర్ తాకాడు. ఇద్దరూ జో గిబ్స్ టీమువాళ్లే, అంటే సొంత టీములో మనిషినే తోశాడన్నమాట. బుష్ కారు పైకి జారింది, సర్దుకుంది, రెండో స్థానంలో వచ్చింది. ఎడ్వర్డ్స్ గెలిచాడు. రెండు కార్లూ తమ చక్రాల మీద తామే గీత దాటాయి. బుష్‌కి కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ ఫినిష్ చూసి ఎవరి కడుపులోనూ భయం లేవలేదు.

ఇక్కడ నా మిత్రులు బ్రిస్టల్ తీసుకొస్తారు. తీసుకురావాలి కూడా. 1995 ఆగస్టులో బ్రిస్టల్ రాత్రి రేసు చివరి మలుపులో డేల్ ఎర్న్‌హార్ట్ తన 3 నంబరు కారుతో టెర్రీ లబాంటీని వెనకనుంచి గుద్దాడు. లబాంటీ కారు అడ్డంగా తిరిగి కూడా ముందే గీత దాటింది. ముందుభాగం నుజ్జయిన ఆ కారునే లబాంటీ విజేతల వేదిక దగ్గరకి తీసుకెళ్లాడు. 1999 ఆగస్టు, మళ్లీ బ్రిస్టల్, మళ్లీ వాళ్లిద్దరే. ఆఖరి లాపుల్లో పసుపు జెండా ఉండగా లబాంటీ కారుని వేరే కారు తిప్పేసింది. లబాంటీ కొత్త టైర్లు వేసుకుని, కొన్ని లాపుల్లోనే ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, చివరి లాపు మొదలయ్యేసరికి ఎర్న్‌హార్ట్‌నీ దాటేశాడు. రెండో మలుపు దగ్గర ఎర్న్‌హార్ట్ అతన్ని తిప్పేసి గెలిచాడు. తిప్పెయ్యాలని అనుకోలేదు, కాస్త కుదుపుదామనుకున్నాను అని ఆ తర్వాత చెప్పాడు. ఎర్న్‌హార్ట్ అంటే చెవికోసుకునే జనం ఉన్న ఆ స్టేడియంలోనే ఆ రాత్రి ఛీకొట్టడం మార్మోగింది. ఫలితం మాత్రం మారలేదు.

ఆ 3 నంబరు కారు రిచర్డ్ చిల్డ్రెస్ టీముది. పాతికేళ్ల తర్వాత రిచ్‌మండ్‌లో డిల్లన్ నడిపిందీ అదే టీము, అదే నంబరు. డిల్లన్ చిల్డ్రెస్‌కి మనవడు. ఎర్న్‌హార్ట్ చేస్తే వీరుడు, మనవడు చేస్తే విలనా అని అడుగుతారు. చూడ్డానికి బలమైన ప్రశ్నే. కానీ ఎర్న్‌హార్ట్‌ని ఆ రాత్రి వీరుడన్నది ఎవరు? ఛీకొట్టిన గొంతుల్ని మర్చిపోయి, రీప్లేలో సంగీతం పెట్టి చూపించాకే అది వీరగాథ అయింది. ఇంకో సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు, అయినా చెప్పాలి. అదే ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో, చివరి లాపు చివరి మలుపులో, కారు కుడికి తిరిగి బయటి గోడకి కొట్టుకుని చనిపోయాడు. అక్కడ ఎవరూ కావాలని కొట్టలేదు. కానీ ఆ తర్వాత మెడని పట్టి ఉంచే పరికరాన్ని తప్పనిసరి చేశారు, గోడలకి దెబ్బని పీల్చుకునే స్టీలు, ఫోమ్ తొడుగులు వేశారు. కారు ముక్కు కుడికి తిరిగితే ఏమవుతుందో ఈ ఆటకి తెలియని విషయం కాదు. ఆ నంబరు కారు నడిపే మనిషికి అందరికన్నా ఎక్కువ తెలియాలి.

నాస్కార్‌కీ తెలుసు. 2022 అక్టోబర్‌లో లాస్ వేగస్‌లో కైల్ లార్సన్‌ని కుడి వెనక కొట్టి గోడకి పంపినందుకు బబ్బా వాలెస్‌ని ఒక రేసు సస్పెండ్ చేశారు. 2023 మే నెలలో షార్లెట్‌లో ఇదే హామ్లిన్‌ని అలాగే కొట్టినందుకు చేజ్ ఎలియట్‌ని ఒక రేసు పక్కన పెట్టారు. జనం అత్యంత అభిమానించే డ్రైవర్ ఎలియట్, అయినా వెనకాడలేదు. ఆ రెండు నిర్ణయాలకీ నేను చప్పట్లు కొట్టాను.

మరి రిచ్‌మండ్‌కి ఏం చేశారు? మూడు రోజులకి ప్రకటన వచ్చింది. గెలుపు డిల్లన్ పేరు మీదే ఉంటుంది, ట్రోఫీ అతనిదే. కానీ ఆ గెలుపుతో ప్లేఆఫ్స్‌లోకి, అంటే సీజన్ చివర్లో ఛాంపియన్‌ని తేల్చే రేసుల పోటీలోకి, రాలేడు. డ్రైవర్‌కీ ఓనర్‌కీ చెరో 25 పాయింట్ల కోత. స్పాటర్‌కి మూడు రేసుల సస్పెన్షన్. రేసయ్యాక పిట్ రోడ్ మీద మనుషుల మధ్య టైర్లు గిరగిరా తిప్పినందుకు లొగానోకి 50,000 డాలర్ల జరిమానా. అప్పీలుకి వెళ్తే ప్లేఆఫ్స్ నిర్ణయం నిలిచింది, స్పాటర్ సస్పెన్షన్ ఒక రేసుకి తగ్గింది. స్టీరింగ్ పట్టుకున్న మనిషిని మాత్రం ఒక్క రేసు కూడా ఆపలేదు. రేడియోలో అరిచినవాడు పక్కన కూర్చున్నాడు, గుద్దినవాడు మరుసటి వారం కారెక్కాడు. ఇదెక్కడి న్యాయం?

కోపంలో కొట్టినవాళ్లకి సస్పెన్షన్ పడింది, గెలుపు కోసం కొట్టినవాడికి పడలేదు. అంటే గెలుపు దగ్గర్లో ఉంటే మనిషిని గోడకి పంపడం కాస్త తక్కువ తప్పు అవుతుందన్నమాట. నాకు సరిగ్గా తలకిందులుగా అనిపిస్తుంది. కోపం కనీసం ఒక్క క్షణం ఆవేశం. గెలుపు కోసం చేసినదానికి లాభం ఉంది, లాభం ఉన్న తప్పు మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఎక్కువ శిక్ష దానికే పడాలి.

డిల్లన్ వైపు న్యాయం లేదని నేను అనను. ఆ రాత్రి చివరి భాగంలో అందరికన్నా వేగంగా ఉన్నది అతనే. ఎవరో వెనక ఎక్కడో గుద్దుకోకపోతే హాయిగా గెలిచేవాడు. రెండేళ్లలో గెలుపు అందేంత దగ్గరికి రావడం ఇదే మొదలని, లొగానో, హామ్లిన్ ఇద్దరూ గెలుపు కోసం ఇతరుల్ని తోసినవాళ్లేనని రేసు తర్వాత అన్నాడు. అదీ అబద్ధం కాదు. లొగానో 2018లో మార్టిన్స్‌విల్ చివరి మలుపులో మార్టిన్ ట్రూయెక్స్‌ని తోసుకుంటూ గెలిచాడు. హామ్లిన్ 2017లో అక్కడే ముందున్న చేజ్ ఎలియట్‌ని కొట్టి గోడకి పంపాడు, స్టేడియం మొత్తం హామ్లిన్‌ని ఛీకొట్టింది. రెండూ ఒకటి కావు. ట్రూయెక్స్ కారు నిలబడింది, మూడో స్థానంలో వచ్చాడు. ఎలియట్ రేసే పోయింది. 2017లో హామ్లిన్ చేసింది తప్పు. ఆ తప్పుని చూపించి 2024లో చేసింది ఒప్పు అనడం ఎలా కుదురుతుంది?

అసలు అంత తెగింపు ఎందుకొచ్చిందో కూడా చూడాలి. రిచ్‌మండ్‌కి వచ్చేనాటికి డిల్లన్ పాయింట్లలో 32వ స్థానంలో ఉన్నాడు. 2014 నుంచి నడిచిన పద్ధతి ప్రకారం, మొదటి 26 రేసుల్లో ఒక్కటి గెలిస్తే చాలు, దాదాపు ప్లేఆఫ్స్‌లోకి వచ్చినట్టే. పదహారు మందిలో ఒకడవుతాడు. అది టీముకి డబ్బు, స్పాన్సర్లకి పేరు. ఏడాదంతా వెనకబడ్డ మనిషికి, ఒక్క మలుపులో ఏడాదంతా మార్చేసుకోవచ్చు అని రూల్ పుస్తకమే చెప్తోంది. దానికి తోడు ఓవర్‌టైమ్. 400 లాపుల్లో సంపాదించుకున్న ఆధిక్యం తీసేసి, రెండు లాపుల్లో తేల్చుకోమంటారు. 2022లో వచ్చిన కొత్త కార్లతో షార్ట్ ట్రాక్‌ల మీద ఒకరినొకరు దాటడం కష్టమైపోయిందన్నది డ్రైవర్లందరూ చెప్పే మాటే. వేగంతో దాటలేనప్పుడు బంపర్ గుర్తొస్తుంది. ఇవన్నీ కలిపి పేర్చిపెట్టి, అగ్గిపుల్ల గీసినవాణ్ణి మాత్రమే తిట్టడం నాకు ఇష్టం లేదు. 2026 సీజన్‌కి నాస్కార్ ఒక గెలుపుతో ప్లేఆఫ్స్ అన్న పద్ధతిని తీసేసింది. చాలా ఆలస్యంగా తీసుకున్నా మంచి నిర్ణయం.

కానీ దాంతో పని అయిపోలేదు. చివరి లాపులో కుడి వెనక కొట్టి గెలిచినవాడి ట్రోఫీ ఇంకా అతని దగ్గరే ఉంటుంది. ఇక్కడ నా మిత్రులు తమ గట్టి వాదన బయటకి తీస్తారు. గెలుపుని తీసేయడం మొదలుపెడితే ప్రతి తాకిడికీ అధికారులు కూర్చుని మనసులో ఏముందో తేల్చాలి, షార్ట్ ట్రాక్ కోర్టు అయిపోతుంది, జనం వెళ్లిపోయాక సోమవారం ఎవరు గెలిచారో తెలుస్తుంది అంటారు. ఈ భయాన్ని నేను గౌరవిస్తాను. రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరు గెలిచారో చూసినవాళ్లకి తెలియాలి.

అయితే నాస్కార్ ఆ గీత ఎప్పుడో దాటేసింది. 2022 జులైలో పోకొనోలో హామ్లిన్ గెలిచాడు. రేసయ్యాక తనిఖీలో కారు ముందు భాగం మీద స్టిక్కర్ కింద అతికించిన టేప్ ముక్క దొరికింది. గెలుపు తీసేశారు. రెండో స్థానంలో ఉన్న కైల్ బుష్ కారులోనూ అదే దొరికితే అతన్నీ తీసేసి, చేజ్ ఎలియట్‌ని విజేతగా ప్రకటించారు. టాప్ సిరీస్‌లో విజేతని అలా తీసేయడం 60 ఏళ్లకు పైగా జరగలేదు, అయినా చేశారు. సరైన పనే చేశారు. ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. టేప్ ముక్క ఉన్నందుకు హామ్లిన్ గెలుపు పోయింది. హామ్లిన్‌ని గోడకి పంపినవాడి గెలుపు నిలిచింది. నాకైతే దీన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసినా సమర్థించే దారి కనపడలేదు.

మనసులో ఏముందో తేల్చడం కూడా అంత కష్టమేం కాదు. కార్ల స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ డేటా నాస్కార్ దగ్గర ఉంటుంది. రేడియో రికార్డు ఉంటుంది, అన్ని వైపుల నుంచీ వీడియో ఉంటుంది. రిచ్‌మండ్ నిర్ణయం తీసుకున్నది ఆ మూడూ చూసే. మధ్యలో తోసినదాని జోలికి వెళ్లొద్దు, ఎడమ మూల తగిలినదాన్నీ డ్రైవర్లకే వదిలేయొచ్చు. ముందున్న కారుని చివరి లాపులో కుడి వెనక కొట్టి తిప్పి గెలిస్తే మాత్రం డిస్‌క్వాలిఫై చేయాలి. అదీ తనిఖీలో దొరికిన టేప్ లాగే, అదే రాత్రి తేల్చాలి. రిచ్‌మండ్‌లో ఈ రూల్ ఉండుంటే లెక్క చాలా తేలిక. రెండో స్థానంలో దాటింది హామ్లినే. ట్రోఫీ అతనికి వెళ్లేది.

గెలుపు గెలుపే అనేవాళ్లకి మనకి బాగా తెలిసిన సంగతొకటి గుర్తుచేస్తాను. 1981లో మెల్‌బోర్న్ వన్డేలో మ్యాచ్ సమం చేయడానికి న్యూజిలాండ్‌కి చివరి బంతికి ఆరు పరుగులు కావాల్సినప్పుడు, గ్రెగ్ చాపెల్ చెప్తే తమ్ముడు ట్రెవర్ బంతిని నేల మీద దొర్లించాడు. ఆనాటి రూల్ ఒప్పుకుంది, మ్యాచ్ ఆస్ట్రేలియాదే. తర్వాత వన్డేల్లో అలా వేయకుండా రూల్ మార్చారు. రికార్డు పుస్తకంలో ఆ గెలుపు ఇప్పటికీ ఉంది, దాన్ని గొప్ప ఫినిష్ అని చూపించుకునే ఆస్ట్రేలియా అభిమాని నాకు ఇంతవరకు తగల్లేదు.

2025 ఆగస్టులో డిల్లన్ మళ్లీ రిచ్‌మండ్‌లో గెలిచాడు. ఎవరినీ తాకలేదు, రెండో స్థానంలో ఉన్న అలెక్స్ బోమన్‌కన్నా రెండు సెకన్లకు పైగా ముందు వచ్చి, ప్లేఆఫ్స్‌లోకి దర్జాగా నడిచి వెళ్లాడు. చివరి లాపులో లేచి నిలబడాల్సిన పని రాలేదు, నా పక్కనున్నవాళ్లకి కాస్త బోర్ కొట్టింది కూడా. నాకు మాత్రం చాలా సంతోషమేసింది. ఏడాది కిందట చివరి రెండు లాపుల ముందు అతని చేతిలో ఉన్నది సరిగ్గా ఇలాంటి గెలుపే.